బూట్ల సంచి తెరిచే వేళకి మేం కెమెరా సర్దేశాం: ఫుట్‌బాల్ కోచ్‌ల సిరీస్, ప్రాజెక్టు డైరీ

తొమ్మిది రోజులు షూటింగ్ చేస్తే 22 గంటల ఫుటేజీ వచ్చింది. ఎడిటింగ్‌కి కూర్చుంటే అందులో పనికొచ్చింది నాలుగు నిమిషాలు. మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే వాళ్ల 22 గంటలు ఇలా పోకూడదని ఈ డైరీ రాస్తున్నాను.

పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌ల మీద నాలుగు భాగాల డాక్యుమెంటరీ సిరీస్ ఇది. ఒక్కో భాగం పన్నెండు నిమిషాలు. మొదటి రెండు భాగాలు సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు ఒక మైదానంలో రోజూ సాయంత్రం నేర్పే పెద్దాయనవి. మూడోది నిజామాబాద్ జిల్లాలో ఆడపిల్లలకి నేర్పే ఒక పీఈటీ మేడంది. నాలుగోది ఇంకా తేలలేదు. పనిచేసేది ఇద్దరమే. కెమెరా, ఎడిటింగ్ నావి, సౌండ్ నా మిత్రుడిది. కోచ్‌ల పేర్లు, పిల్లల పేర్లు, మైదానం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో మూడో దశ చదివితే తెలుస్తుంది.

దశ 1: ఆటని తీశాం, కోచ్‌ని తీయలేదు (ఆగస్టు)

సార్ ప్రాక్టీసు సాయంత్రం 4.30కి మొదలై 6.15కి అయిపోతుంది. పిల్లలు 34 మంది, వయసు 8 నుంచి 14. మేం దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్ అద్దెకి తెచ్చి, మైదానం పక్క గీత (టచ్‌లైన్) బయట ట్రైపాడ్ వేసి, కళ్ల ఎత్తులో, అంటే 160 సెంటీమీటర్ల దగ్గర కెమెరా పెట్టాం. గోల్స్, పరుగులు, సార్ చేతులూపుతూ అరవడం, అన్నీ తీశాం. 6.15కి సార్ చివరి విజిల్ వేయగానే, మబ్బు పట్టి వెలుతురు పోతోందని సామాను సర్దుకుని బయల్దేరేవాళ్లం.

ఇంటికొచ్చి చూస్తే అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయి. పిల్లలు పరిగెడుతున్నారు, ఒకాయన అరుస్తున్నాడు. ఆయన ఎవరిని అరుస్తున్నారో, ఎందుకు అరుస్తున్నారో దూరం లెన్స్‌లో ఏమీ తెలియదు. పైగా ఆ ఎత్తు నుంచి చూస్తే తొమ్మిదేళ్ల పిల్లవాడి నడినెత్తి తప్ప ముఖం కనపడదు. సార్ మోకాళ్ల మీద కూర్చుని ఒకడికి లేసు కట్టిన షాట్ ఒకటి ఉంది. మూడు నిమిషాల ఆ షాట్‌లో మాకు దొరికింది ఆయన వీపు మాత్రమే.

తొమ్మిదో రోజు నా ఫోన్ మైదానంలో మర్చిపోయి 6.25కి వెనక్కి వెళ్లాను. పిల్లలు సగం మంది ఇంకా అక్కడే ఉన్నారు. స్టోర్‌రూం మెట్ల మీద సార్ ఒక గోనెసంచి విప్పుకుని కూర్చున్నారు. సంచి నిండా పాత బూట్లు. కాలు పెరిగి బూటు బిగుతైన పిల్లవాడు తన జత సంచిలో వేసి, ఇంకో సైజు తీసుకుంటాడు. ఆయన బొటనవేలితో బూటు ముందుభాగం నొక్కి చూసి, వేలు తగిలితే "ఇది కాదు, ఇంకోటి" అంటున్నారు. నొక్కుతూనే అడుగుతున్నారు.

"ఏంరా, నిన్న రాలే?"

"ట్యూషన్ సార్."

"ట్యూషన్‌ల ఏం జెప్పిండ్రు? జెప్పు, నేను గూడ నేర్చుకుంట."

ఆ సంచిలో ఉన్నవి 31 జతలు. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను. ప్రతి బూటు నాలుక లోపలి వైపు బాల్‌పెన్నుతో సంవత్సరం రాసి ఉంది. ఒక జతలో 2016, 2019, 2022 అని మూడు వరుసలున్నాయి. కింద కొత్త సోలు, పక్కన చెప్పులు కుట్టే ఆయన వేసిన తెల్లదారం కుట్లు.

మేం తొమ్మిది రోజులు వరసగా ఈ సంచి తెరవడానికి పది నిమిషాల ముందు బయల్దేరిపోయాం.

మార్చినవి:

1. 70-200 లెన్స్ వెనక్కి ఇచ్చేశాం. నా సొంత 35, 50 లెన్స్‌లే వాడదామనుకున్నాం. దగ్గరికి వెళ్లక తప్పదు.
2. ట్రైపాడ్ ఎత్తు 75 సెంటీమీటర్లకి దించాం. సార్ కూర్చున్నా, పిల్లలు నిలబడ్డా ఇద్దరి ముఖాలూ కనపడేది ఈ ఎత్తులోనే.
3. షూటింగ్ వేళ మారింది. 5.30కి వెళ్తాం, సార్ స్టోర్‌రూంకి తాళం వేసేదాకా ఉంటాం.
4. మ్యాచ్‌లు తీయడం మానేశాం. సీజన్ మొత్తానికి రెండు చాలు.

ఖర్చు: లెన్స్ అద్దె తొమ్మిది రోజులకి 10,800. 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు 19,000. పాత ట్రైపాడ్ 5,500. పెట్రోలు, టీ, టిఫిన్లు 6,200. సెకనుకి 100 మెగాబిట్ల (ఎంబీపీఎస్) సెట్టింగ్‌లో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. రెండో డిస్కు మొదటి దానికి నకలు, దాన్ని మిత్రుడి ఇంట్లో ఉంచుతాం. మిగతా ఖర్చుల్లో ఏదైనా తగ్గించండి గాని రెండో డిస్కు మాత్రం మానకండి.

ఇప్పటిదాకా: 9 రోజులు, 22 గంటలు, రూ. 41,500. పనికొచ్చినవి 4 నిమిషాలు.

దశ 2: సౌండు (సెప్టెంబర్)

ఈ సిరీస్ నిలిచేది కెమెరా మీద కాదు, మైకు మీద. సార్ గట్టిగా మాట్లాడేవన్నీ ఆట గురించి. పిల్లవాడి గురించి మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు. కెమెరా మీద పెట్టిన మైకుకి ఆ మాటలు అందవు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో వైర్‌లెస్ కాలర్ మైకుల సెట్టు కొన్నాం. ఆరు రోజులు తీశాం. అందులో మొదటి మూడు రోజులు మూడు రకాలుగా పాడయ్యాయి.

మొదటి రోజు విజిల్. మైకు సార్ గుండెల మీద పెట్టాం. ఆయన విజిల్ ఎర్రదారంతో మెడలో వేలాడుతుంది. నడిచినప్పుడల్లా అది మైకుకి టక్ టక్‌మని తగిలింది. ఊదినప్పుడల్లా రికార్డింగ్‌లో తరంగం పైభాగం కత్తెరతో కోసినట్టు చదునైపోయింది. అలా కోసుకుపోయిన శబ్దాన్ని తర్వాత ఏం చేసినా బాగుచేయలేం. విజిల్ చేతికి కట్టుకోమని అడుగుదామని మిత్రుడన్నాడు. నేను ఒప్పుకోలేదు. మేం రాకముందు నుంచీ ఆ విజిల్ ఆయన మెడలోనే ఉంది. అలవాటు మార్చుకోవాల్సింది ఆయన కాదు, చోటు మారాల్సింది మైకు. ఎడమ భుజం ముందువైపు, కాలర్‌కి నాలుగు వేళ్ల కింద, టీషర్ట్ లోపల పెట్టాం. లెవల్ తగ్గించి, దాంతోపాటు 20 డెసిబెల్స్ కిందకి ఇంకో సేఫ్టీ ట్రాక్ కూడా రికార్డయ్యేలా సెట్ చేశాం. ఆయన విజిల్ వేసినా, అరిచినా రెండో ట్రాక్‌లో మాట దక్కుతోంది.

రెండో రోజు బట్ట రాపిడి. పాలిస్టర్ జెర్సీ కింద మైకు పెడితే ప్రతి కదలికకీ గరగర వచ్చింది. మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో పని జరిగింది. మైకుని రెండు టేపు ముక్కల మధ్య పెట్టి, ఒక వైపు చర్మానికి, ఇంకో వైపు బట్టకి అంటించాం. రెండూ కలిసి కదిలితే రాపిడి ఉండదు. వైరుని ఒక చుట్టు తిప్పి దాని మీద కూడా టేపు వేయాలి, లేకపోతే వైరు లాగినప్పుడు ఆ శబ్దం మైకులోకి వస్తుంది. చెమట పట్టాక టేపు ఊడిపోతుంది కాబట్టి అంటించే ముందు చర్మం పొడిగా తుడవాలి.

మూడో రోజు సిగ్నల్ పోయింది. ఈ మైకులు 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. మనిషి ఒళ్లంతా నీరే కాబట్టి ఆ తరంగాన్ని ఆపేస్తుంది. మైకు మాటని మాకు పంపే ట్రాన్స్‌మిటర్‌ని సార్ నడుం ముందు పెట్టాం. సార్ మా వైపు వీపు తిప్పినప్పుడల్లా మాట ముక్కలైంది. 34 మంది పిల్లలతో ఉన్న మనిషిని మా వైపే తిరిగి ఉండమనలేం. ట్రాన్స్‌మిటర్‌కి సొంతంగా రికార్డ్ చేసుకునే సౌకర్యం ఉందని, అది ఆన్‌లో లేదని ఆ రాత్రి మాన్యువల్ చదివాకే తెలిసింది. ఇప్పుడు రోజూ ముందుగా చేసే పని అదే.

ప్రతి సాయంత్రం మా వరస:

1. ట్రాన్స్‌మిటర్ లోపలి రికార్డింగ్ ఆన్ అయిందో లేదో ఇద్దరం చూస్తాం.
2. మైకు మీద గాలి తొడుగు (గాలి హోరు ఆపేది) ఉందా, టేపు పొడి చర్మం మీద పడిందా చూస్తాం.
3. సార్ ఒక్కసారి గట్టిగా విజిల్ వేస్తారు, లెవల్ చూస్తాం.
4. కెమెరా ముందు చప్పట్లు మూడు. తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ జత చేసేది వీటితోనే.
5. చివర్లో అందరూ వెళ్లాక రెండు నిమిషాలు ఖాళీ మైదానం శబ్దం. మొదటి వారం ఇది మర్చిపోయి, ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకులు వినపడి చాలా ఇబ్బంది పడ్డాం.

నాలుగో రోజు నుంచి మాటలు వచ్చాయి. గోల్‌కీపర్ పిల్లవాడు వరసగా మూడు గోల్స్ వదిలేసి పోస్టు దగ్గర ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. సార్ దగ్గరికెళ్లి ఆ విషయమే ఎత్తలేదు. పోస్టు పట్టుకుని, "ఇది వంకరైనట్టుందిరా, రేపు జర వత్తు నాతోని" అన్నారు. ఆ ఒక్క మాట కోసం తొమ్మిది రోజులు కాదు, పంతొమ్మిది రోజులైనా తిరగొచ్చు అనిపించింది.

ఖర్చు: మైకులు 11,500, గాలి తొడుగులు 900, బ్యాటరీలు 1,900, పెట్రోలు, టీ 2,500.

ఇప్పటిదాకా: 15 రోజులు, 33 గంటలు, రూ. 58,300. పనికొచ్చినవి 23 నిమిషాలు.

దశ 3: అనుమతి (అక్టోబర్, షూటింగ్ లేదు)

మైకు బాగా పనిచేయడం మొదలయ్యాక ఇంకో సమస్య వచ్చింది. దీన్ని మేం ముందే ఊహించాల్సింది.

ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. బూట్ల సంచి దగ్గర ఒక పదకొండేళ్ల పిల్లవాడు తన ఇంటి సంగతి సార్‌కి చెప్పుకుంటున్నాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. సార్ "ఊ" కొడుతూ బూటుకి లేసు ఎక్కిస్తున్నారు. ఆ పిల్లవాడు చెప్పింది ఆయన ఒక్కరికి. విన్నది నేను, నా మిత్రుడు, రెండు హార్డ్‌డిస్కులు. అప్పటికి మా దగ్గరున్న అనుమతి సార్ నోటిమాట, పిల్లలందరి తరఫున తీసుకున్న ఒక్క ఉమ్మడి సంతకం. అది ఏ మాత్రం సరిపోదు. 2023 నాటి డిజిటల్ డేటా చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కపెట్టి తల్లిదండ్రుల అంగీకారం అడుగుతుంది. కష్టంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. చట్టం లేకపోయినా అది తప్పే.

మూడు వారాలు కెమెరా లోపల పెట్టి ఇళ్లకి తిరిగాం. చివరికి కుదిరిన పద్ధతి:

1. ఒకే పేజీ ఫారం, తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో. ఇచ్చి రావడం కాదు, ఇంట్లో కూర్చుని చదివి వినిపించాలి. ఆటో నడిపే నాన్నలు, ఇళ్లలో పనికి వెళ్లే అమ్మలు దొరికేది రాత్రి ఎనిమిది తర్వాత.
2. మూడు గడులు: ముఖం, గొంతు రెండూ వాడొచ్చు. ముఖం వద్దు. అసలు వద్దు.
3. పిల్లవాడిని విడిగా అడగాలి. అమ్మానాన్న ముందు ఏ పిల్లవాడూ "వద్దు" అనలేడు.
4. ఎడిట్ అయ్యాక ఇంటికి వెళ్లి చూపించి మళ్లీ అడగాలి. మొదటి సంతకం సగం అనుమతే.

34 మందిలో 27 మంది పూర్తిగా ఒప్పుకున్నారు. నలుగురు ముఖం వద్దన్నారు. ముగ్గురు అసలు వద్దన్నారు.

ఆ ముగ్గురిలో ఒకడు మొదటి భాగానికి మేం ఎంచుకున్న పిల్లవాడు. బూటు లోపల దూది కుక్కుకుని ఎడమ కాలితో కొట్టే పదేళ్ల వాడు. దశ 2 దాకా దొరికిన 23 నిమిషాల్లో 9 నిమిషాలు వాడివే. వాళ్ల నాన్న కోప్పడలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. "మావోడు వేరేవాళ్ల బూట్లు ఏసుకుంటడని మా సుట్టాలంతా జూస్తరు గదా అన్నా. వద్దులే" అన్నారు. ఇంకోసారి అడుగుదామని మిత్రుడన్నాడు. ఆయన చెప్పింది ఒక్కసారే అయినా పూర్తిగా చెప్పారు. మళ్లీ వెళ్లి అడిగితే అది బతిమాలడం కాదు, ఒత్తిడి. ఆ రాత్రే ఈ ముగ్గురూ ముఖ్యంగా కనిపించే ఫుటేజీ 6.5 గంటలు రెండు డిస్కుల్లోంచీ తీసేశాం. పక్కన పెట్టుకోవడం, బ్లర్ చేయడం లాంటివేమీ ఆలోచించలేదు. ఫైలు మన దగ్గరుంటే ఏదో ఒకనాడు వాడాలనిపిస్తుంది.

"వద్దు" అన్న పిల్లల్ని ఫ్రేములో పడకుండా చూడటంలో కూడా ఒక తప్పు చేశాం. గుర్తు కోసం వాళ్లకి పసుపు బిబ్స్ (జెర్సీ మీద వేసుకునే చేతుల్లేని చొక్కాలు) ఇవ్వమని సార్‌ని అడిగాం. రెండో రోజుకల్లా మిగతా పిల్లలు "నీకే ఎందుకు పసుపు?" అని అడగడం మొదలుపెట్టారు. సార్ వెంటనే తీయించేశారు. ఇప్పుడు ఆయనే జట్లు కలిపేటప్పుడు ఆ ముగ్గురూ అవతలి సగంలో ఆడేలా చూస్తున్నారు. మేం ఇవతలి సగం మాత్రమే తీస్తాం. పిల్లలకి ఏ తేడా తెలియదు.

మాటల విషయంలో నియమం: పిల్లవాడు ఇంటి సంగతి ఎత్తగానే మిత్రుడు హెడ్‌ఫోన్స్ తీసేస్తాడు, నేను కెమెరా ఆపుతాను. మొదట మ్యూట్ బటన్ సార్‌నే నొక్కమన్నాం. పిల్లవాడు బాధపడుతుంటే ఆయనకి బటన్ గుర్తుండదు, గుర్తుండకూడదు కూడా. ఒకటి గమనించండి: మనం ఇవతల ఆపినా ట్రాన్స్‌మిటర్ లోపలి రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది. అందుకే రోజూ చివర్లో ఆ భాగాన్ని సార్ ఎదురుగానే చెరిపేస్తున్నాం.

ఖర్చు: ఫారాల ప్రింటు, తిరుగుడు 2,600.

ఇప్పటిదాకా: 15 రోజులు, 26.5 గంటలు, రూ. 60,900. పనికొచ్చినవి 14 నిమిషాలు.

దశ 4: లైట్లు, ఎడమ కాలు (నవంబర్)

నవంబర్‌లో ఆరుకల్లా చీకటి. మైదానంలో ఎల్‌ఈడీ లైట్లు వేశారు. మొదటి రోజు ఫుటేజీలో నల్లటి అడ్డపట్టీలు కిందనుంచి పైకి పాకుతూ కనిపించాయి. తప్పు నాది. కెమెరా రీసెట్ చేసినప్పుడు సెకనుకి 30 ఫ్రేముల సెట్టింగ్‌లోకి, 1/60 సెకను షట్టర్‌కి వెళ్లిపోయింది, నేను చూసుకోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే పట్టీలు పోయాయి. స్లోమోషన్‌కి 50 ఫ్రేములు, 1/100. వెలుతురు చాలక ఎఫ్ 1.4 లెన్స్ రోజుకి 1,200 చొప్పున అద్దెకి తెచ్చాం.

ఈ దశలో దొరికిన మంచి ఘట్టం ఎడమ కాలు రోజు. నెలకోసారి సార్ "ఇయ్యాల అందరు ఎడమ కాలుతోనే" అంటారు. కుడి కాలితో తగిలితే ఫౌల్. గంటసేపు జట్టులో బాగా ఆడేవాళ్లందరూ తడబడతారు, వెనకబడ్డవాళ్లకి ధైర్యం వస్తుంది. ఆ రోజు ఒక చిన్నవాడు కుడి బూటు విప్పేసి మెట్ల మీద పెట్టి, ఒట్టి పాదంతో దిగాడు. కుడి కాలితో కొట్టాలని మనసు పీకినా నొప్పికి భయపడి ఆగుతాడట. సార్ చూసి ఏమీ అనలేదు. ఆ పాదం ముందున్న రాళ్లు తన బూటుతో పక్కకి నెట్టారు.

ఇది సార్ కనిపెట్టిన పద్ధతి కాదు. పాతతరం ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని తీసుకెళ్లడం) చేయకూడని టోర్నమెంట్లు పెట్టేవారు. ఆయన బడి పంతులు కూడా. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం కూడా ఆయన కోచ్‌గా ఉన్నప్పటివే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న ఆయన 1963 జూన్‌లో పోయారు. ఆ తరం దగ్గర ఆడినవాళ్ల దగ్గర మా సార్ నేర్చుకున్నారు. 1962 జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని అమ్ముగూడలోనే. ఇప్పుడు అమ్ముగూడ నుంచి ఇద్దరు పిల్లలు ఒకే సైకిల్ మీద ప్రాక్టీసుకి వస్తారు.

ఈ చరిత్రని మొదటి భాగం మొదట్లో నాలుగు నిమిషాలు పెట్టాను. అది ఎలా దెబ్బతిందో దశ 6లో ఉంది. ఫొటోల విషయంలో పనికొచ్చే మాట: మన కాపీరైట్ చట్టంలో ఫొటోకి, సినిమాకి గడువు అచ్చయిన లేదా విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1962లో అచ్చయిన ఫొటో గడువు 2022 చివరికి తీరిపోయింది. ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చిందో మాత్రం రాసిపెట్టుకోవాలి.

ఖర్చు: లెన్స్ అయిదు రోజులు 6,000, పెట్రోలు, టీ 2,100.

ఇప్పటిదాకా: 20 రోజులు, 34.5 గంటలు, రూ. 69,000. పనికొచ్చినవి 21 నిమిషాలు.

దశ 5: నిజామాబాద్ జిల్లా, నాలుగు రోజులు (డిసెంబర్)

మేడం దగ్గర 19 మంది అమ్మాయిలు. గ్రౌండు కంకర నేల, గీతలు సున్నంతో. ప్రాక్టీసు 5.20కి ఆగిపోవాల్సిందే. తండాలకి వెళ్లే చివరి బస్సు ఆ తర్వాత ఉండదు. మేడం అందరినీ బస్సు ఎక్కించి, బస్సు కదిలాక ఇంటికి వెళ్తారు.

మొదటి రోజు పూర్తిగా వృథా. కెమెరాతో ఇద్దరు మగవాళ్లు కనపడేసరికి పిల్లలు బంతి అడగడం మానేశారు. పరిగెత్తేటప్పుడు టీషర్టులు కిందికి లాక్కోవడం మొదలుపెట్టారు. రెండు గంటల ఫుటేజీలో ఒక్కరి గొంతూ లేదు. ఇందులో మరమ్మతు చేయడానికి పరికరం ఏదీ లేదు. రెండో రోజు కెమెరా బ్యాగులోంచి తీయలేదు. సున్నం డబ్బా పట్టుకుని గీతలు వేశాం, బంతులకి గాలి కొట్టాం. మూడో రోజు మడమ బెణికి పక్కన కూర్చున్న ఒక అమ్మాయికి రికార్డరు, హెడ్‌ఫోన్స్ ఇచ్చి లెవల్ ఎలా చూడాలో నేర్పాం. ఆమే మేడం దగ్గరికెళ్లి కూర్చుంది. మేం ఇరవై అడుగుల దూరంలో ఉన్నాం.

"మేడం, మీరు ఆడేటప్పుడు మీ ఇంట్ల ఏమన్నరు?"

నేను వారం నుంచి అడగాలనుకుంటూ మానేసిన ప్రశ్న అది. మేడం కొంచెంసేపు మాట్లాడలేదు.

"మా నాయిన రెండు నెలలు మాట్లాడలే బిడ్డా. అమ్మ మాత్రం నా షూలు పొయ్యెనుక దాసిపెట్టేది. కడుపు నిండ తిని పో అనేది."

ఆ నాలుగు నిమిషాలు మూడో భాగానికి ప్రాణం. ఇక నుంచి ఇలాంటి ప్రశ్నలు నేను అడగను, పిల్లల్నే అడగనిస్తాను.

మేడం అసలు పని సాయంత్రాలు ఇళ్లకి వెళ్లడం. తొమ్మిది, పది తరగతుల్లో ఆట మాన్పించే ఇళ్లు ఎక్కువ. వెళ్లినప్పుడు ఫోన్‌లో గుగులోత్ సౌమ్య ఫొటో చూపిస్తారు. ఇదే జిల్లాలో తండా నుంచి వచ్చి ఇండియా జట్టుకి ఆడిన అమ్మాయి. ఫొటో చూసిన వెంటనే ఏ తల్లీ మారిపోదని, నాలుగైదుసార్లు వెళ్లాల్సి వస్తుందని మేడం చెప్పారు. ఆ ఇళ్లలోకి మేం వెళ్లలేదు. గుమ్మం బయట చెప్పులు, లోపలి మాటల సందడి దూరం నుంచి, అంతే తీశాం. మాటలు అర్థం కాకుండా ఉండే దూరం 12 మీటర్లు. కొలిచి నిలబడ్డాం.

ఖర్చు: బస్సులు, గది, భోజనాలు 14,400.

ఇప్పటిదాకా: 24 రోజులు, 42 గంటలు, రూ. 83,400. పనికొచ్చినవి 33 నిమిషాలు.

దశ 6: ఎడిటింగ్, పిల్లలతో చూడటం (జనవరి)

42 గంటల మాటల్ని కాగితం మీదికి ఎక్కించడానికి ఒక విద్యార్థికి 6,000 ఇచ్చాం. బొమ్మ చూడకుండా ముందు కాగితం చదివి గుర్తులు పెట్టుకోవడం వల్ల వారం పని తగ్గింది.

సబ్‌టైటిల్స్ అనుకున్నదానికంటే కష్టం. సార్ ఒకే ఊపిరిలో "బాల్ కో దేఖ్ రే, బాల్ కో... నీ కాలు ఎటు పోతుందిరా?" అంటారు. తెలుగు మాటని తెలుగులోనే, ఆయన యాసలోనే ఉంచి, దక్కనీ ఉర్దూని మాత్రం తెలుగు చేశాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చేశాయి. సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే సరిపోయింది. అది లేని సాఫ్ట్‌వేర్ అయితే ఎస్‌ఆర్‌టీ ఫైలు (సబ్‌టైటిల్స్ ఉండే టెక్స్ట్ ఫైలు) చేసి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వీడియో మీద అచ్చు వేయించండి, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. తెలుగుకి రెండు వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

మైదానం పక్క హాలులో ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి మొదటి భాగం పిల్లలకి, తల్లులకి, సార్‌కి చూపించాం. నేను స్క్రీన్ చూడలేదు, పక్కన నిలబడి వాళ్లని చూస్తూ నిమిషాలు రాసుకున్నాను.

1. రహీం చరిత్ర నాలుగు నిమిషాలు: రెండో నిమిషానికే పిల్లలు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దాన్ని 35 సెకన్లకి కుదించి, మొదట్లోంచి తీసి, ఒట్టి పాదం పిల్లవాడి షాట్ తర్వాత పెట్టాను. ఇప్పుడు ఆ ఎడమ కాలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని చూసేవాళ్లకే అనిపిస్తుంది.
2. వంకర పోస్టు మాట: అందరూ ఆ గోల్‌కీపర్ వైపు తిరిగారు. వాడు నవ్వాడు. ఉంచాం.
3. సార్ ఒక పిల్లవాడిని గట్టిగా కసిరిన షాట్: తీసేయాలా అని సార్‌ని అడిగాను. "ఉంచు. గని నేను మర్నాడు వానికి సారీ జెప్పిన, అది పెట్టలే నువ్వు" అన్నారు. మర్నాడు మేం వెళ్లలేదు. మా దగ్గర లేనిది ఉన్నట్టు చూపించలేం. అందుకని ఆయన ఈ మాట అన్న గొంతునే, ఆ పిల్లవాడూ వాళ్లమ్మా సరేనన్నాక, ఆ షాట్ తర్వాత నల్లతెర మీద వేశాం.

బూట్లకి దూది కుక్కుకునే ఆ పదేళ్లవాడు సినిమాలో లేడు. ప్రాక్టీసు రోజుల్లో కెమెరా వెనక నిలబడి మూడు చప్పట్లు కొట్టే పని మాత్రం వాడే అడిగి తీసుకున్నాడు. వాళ్ల నాన్నని అడిగే ఒప్పుకున్నాం. చప్పట్లు ఎలాగూ ఎడిటింగ్‌లో కోసేస్తాం.

ఖర్చు: కాగితం పని 6,000, ప్రొజెక్టర్ 1,500, సమోసాలు, టీ 700.

ఇప్పటిదాకా: 24 రోజులు, 42 గంటలు, రూ. 91,600. మూడు భాగాలకి 36 నిమిషాలు కావాలి, చేతిలో 33 ఉన్నాయి.

ఆ మూడు నిమిషాలకి ఏం తీయాలో తెలుసు. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి శనివారం సార్ సంచి మొత్తం చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తారు. ఏ జతకి సోలు, ఏ జతకి కుట్టు అని ఇద్దరూ ఒక్కొక్కటీ తిరగేసి చూస్తారట. 35 లెన్స్, 75 సెంటీమీటర్లు, మైకు ఎడమ భుజం మీద. ఆ దుకాణం రోడ్డు పక్కన, బస్టాపు ఎదురుగా ఉంది. హారన్ల మధ్య మాట ఎంత దక్కుతుందో చూడటానికి శుక్రవారం ఒట్టి రికార్డరుతో వెళ్లి వస్తాం.